సిగ్నల్ ఎక్కడ తప్పింది? నల్లగొండ, పాలమూరు ఊళ్లలో వైర్‌లెస్ మరమ్మతు చరిత్ర

ఇంట్లో కంప్యూటర్‌కు వైఫై నిలకడగా అందకపోవడం 2005 తర్వాత వచ్చిన సమస్య. గాలిలో వచ్చే సిగ్నల్ ఎక్కడ తప్పిపోయిందో వెతికే పని మాత్రం దక్షిణ తెలంగాణ మెట్ట ఊళ్లలో అంతకు ఎన్నో దశాబ్దాల ముందే మొదలైంది. రేడియో, టీవీ, టెలిఫోన్ తీగ మీది ఇంటర్నెట్, వైఫై వరుసగా వచ్చాయి. ఒక్కో కాలంలో లోపం ఒక్కో చోట ఉండేది. మొదట దూరంలోనూ నేలలోనూ, తర్వాత గుట్టల్లో, ఆ తర్వాత టెలిఫోన్ తీగలో, చివరకు సొంత ఇంటి గోడల్లో, పక్కింటి పెట్టెలో. దాన్ని పట్టుకునే పద్ధతి మాత్రం అన్ని కాలాల్లోనూ ఒక్కటే: సిగ్నల్ వచ్చే దారిని ముక్కలుగా విడదీసి, ఒకసారికి ఒక్కటే మార్చి చూడడం.

ఈ ప్రాంతంలో పానగల్ పేరుతో రెండు పాత ఊళ్లున్నాయి. ఒకటి నల్లగొండ పట్టణాన్ని ఆనుకొని, ఉదయసముద్రం చెరువు దగ్గర ఉంది. కందూరు చోడుల రాజధానిగా వెలిగిన ఆ ఊళ్లో ఛాయా సోమేశ్వర, పచ్చల సోమేశ్వర ఆలయాలు నేటికీ నిలిచి ఉన్నాయి. రెండోది పాత పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలోని గిరిదుర్గం. 15వ శతాబ్దం తొలినాళ్లలో బహమనీ సుల్తాన్ ఫిరోజ్ షాకూ విజయనగరానికీ యుద్ధం జరిగింది అక్కడే. 2016 జిల్లాల పునర్విభజనతో అది వనపర్తి జిల్లాలోకి వచ్చింది. రెండు ఊళ్ల చుట్టూ గ్రానైట్ గుట్టలు, పలుచని చెల్క నేలలు, వానాకాలం దాటితే ఎండిపోయే భూమి. ఈ నైసర్గిక స్వరూపమే ఇక్కడి వైర్‌లెస్ చరిత్రను చాలావరకు నిర్ణయించింది.

దూరం, నేల: రేడియో కాలం

హైదరాబాద్ సంస్థానంలో దక్కన్ రేడియో 1935లో ప్రభుత్వ కేంద్రంగా ప్రసారాలు ప్రారంభించింది. ఉర్దూతో పాటు తెలుగు, కన్నడ, మరాఠీ కార్యక్రమాలు వచ్చేవి. తొలి ట్రాన్స్‌మిటర్ శక్తి 200 వాట్లే. ఆ సిగ్నల్ చేరాల్సిన దూరం మాత్రం ఎక్కువ: హైదరాబాద్ నుంచి నల్లగొండకు దాదాపు వంద కిలోమీటర్లు, వనపర్తి వైపు పానగల్‌కు అంతకంటే ఎక్కువ. 1948 సెప్టెంబర్ 17న నిజాం లొంగుబాటు ప్రకటన వెలువడింది ఈ రేడియో నుంచే. 1950లో అది ఆకాశవాణిలో కలిసింది.

మీడియం వేవ్ తరంగాలు పగటిపూట నేలను అంటిపెట్టుకొని సాగుతాయి. తడి నేల మీద, ఉప్పునీటి మీద అవి చాలా దూరం పోతాయి. ఎండిన రాతినేల మీద త్వరగా బలం కోల్పోతాయి. అందుకే తీరప్రాంతంలో స్పష్టంగా పలికే సెట్టు మెట్ట ఊళ్లలో పగలు గొణిగేది. పొద్దుగూకాక పరిస్థితి తారుమారయ్యేది. రాత్రివేళ ఆకాశంలోని అయనోస్ఫియర్ నుంచి ప్రతిఫలించి దూరపు కేంద్రాల తరంగాలు దిగొచ్చేవి. అయితే ఆ పొర నిలకడగా ఉండదు కాబట్టి పాట సగంలో సన్నగిల్లి మళ్లీ పెరిగేది. అది సెట్టు జబ్బు కాదని, ఎంత విప్పి చూసినా లాభం లేదని రేడియో మెకానిక్‌లు తొలి పాఠంగా నేర్చుకున్నారు.

వాల్వు రేడియోకు రెండు తీగలు ప్రాణం. ఇంటి కప్పు మీద రెండు వెదురు గడల నడుమ, పింగాణీ గుండ్లతో విడిగా కట్టిన రాగి తీగ ఏరియల్. నేలలో పాతిన తీగ ఎర్త్. ఎండాకాలం భూమి ఆరిపోతే ఎర్త్ పనిచేయదు. అందుకే ఆ గుంటలో బొగ్గు, ఉప్పు వేసి అప్పుడప్పుడు నీళ్లు పోసేవారు. రేడియో వినపడకపోతే మొదట బ్యాటరీ, తర్వాత ఏరియల్ తీగ అతుకులు, తర్వాత ఎర్త్, ఆఖరున వాల్వులు చూసేవారు. తేలిగ్గా తేలిపోయేది ముందు, సెట్టు విప్పాల్సినది చివర అన్న వరుస అప్పుడే స్థిరపడింది.

1960లలో ట్రాన్సిస్టర్ వ్యాపించాక ఏరియల్ సెట్టు లోపలికి వచ్చింది. ఫెర్రైట్ కడ్డీకి చుట్టిన తీగచుట్ట అది. ఆ కడ్డీ అడ్డంగా ఉన్నప్పుడు సిగ్నల్ బాగా, కేంద్రం వైపు మొన పెట్టినప్పుడు తక్కువగా అందుతుంది. సెట్టును గుండ్రంగా తిప్పి చూసే అలవాటు ఇక్కడి నుంచే వచ్చింది. కరెంటు మోటార్లు, స్టార్టర్లు వచ్చాక కొత్త చికాకు మొదలైంది. స్టార్టరు కొట్టగానే లేచే నిప్పురవ్వలు గరగరమనే రొదగా రేడియోలో వినిపించేవి. లోపం సెట్టులోనా బయటా అని తేల్చే పరీక్ష సులభం. అదే సెట్టును ఊరి బయటికి, చేను గట్టు మీదికి తీసుకెళ్లి వినడం. అక్కడ శుభ్రంగా పలికితే దోషం చుట్టుపక్కలది. వైఫై విషయంలో ల్యాప్‌టాప్‌ను రూటర్ దగ్గరికి తీసుకెళ్లి చూడడమూ ఇదే పరీక్ష.

గుట్టలు, దిక్కు: టీవీ కాలం

1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు దేశంలో సైట్ అనే ఉపగ్రహ విద్యా ప్రయోగం జరిగింది. అమెరికా ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 ఊళ్లకు టీవీ కార్యక్రమాలు పంపారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎంపికైన జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. అప్పటికి పెద్ద నగరాలకే పరిమితమైన టీవీ పాలమూరు పల్లెలకు నేరుగా ఆకాశం నుంచి దిగింది.

ఊళ్లో పెట్టిన డిష్ వ్యాసం దాదాపు పది అడుగులు. అది రేకుతో చేసింది కాదు, ఇనుప చట్రానికి బిగించిన కోళ్ల గూటి జాలీ. ప్రసారం 860 మెగాహెర్ట్జ్ మీద సాగేది కాబట్టి ఒక్కో తరంగం పొడవు దాదాపు 35 సెంటీమీటర్లు. జాలీ కన్నాలు అంతకంటే ఎంతో చిన్నవి. అందుకని తరంగానికి అది నిండు పలకతో సమానం, గాలికి మాత్రం దారి ఇచ్చేది. బొమ్మ రాకపోతే చూడాల్సినవి మూడే: కరెంటు ఉందా, డిష్ ఉపగ్రహం వైపు చూస్తోందా, కేబుల్ అతుకులు గట్టిగా ఉన్నాయా.

1977లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం వచ్చింది. 1980లలో ట్రాన్స్‌మిటర్లు పెరగడంతో ఇళ్ల మీద అల్యూమినియం కమ్ముల యాంటెన్నాలు లేచాయి. ఒకరు మేడ మీద గొట్టం తిప్పుతుంటే, ఇంకొకరు టీవీ ముందు నుంచి ‘వచ్చింది... ఆపు... పోయింది’ అని అరవడం వాడవాడలా వినిపించేది. తెర మీది బొమ్మే జబ్బు పేరు చెప్పేది. చుక్కలు రాలుతుంటే సిగ్నల్ బలం చాలదని అర్థం, యాంటెన్నాను ఎత్తు పెంచాలి లేదా బూస్టర్ పెట్టాలి. ఒక మనిషి పక్కన అదే మనిషి నీడలా రెండోసారి కనిపిస్తే బలం చాలకపోవడం కాదు. తరంగం నేరుగా ఒకసారి, గుట్టకు తగిలి కాస్త ఆలస్యంగా ఇంకోసారి వస్తోందన్న మాట. అప్పుడు బూస్టర్ పెడితే బొమ్మతో పాటు నీడా బలపడేది. యాంటెన్నాను గుట్ట వైపు నుంచి తప్పించడమే మందు.

వెలుగు అనేక దారుల్లో వచ్చి కలిసే తీరు పానగల్ ఛాయా సోమేశ్వరాలయంలో కంటికి కనిపిస్తుంది. అక్కడ గర్భగుడి గోడ మీద పగలంతా ఒక నిలువు నీడ కదలకుండా నిలుస్తుంది. మండప స్తంభాల నడుమ నుంచి వేర్వేరు దిక్కుల వచ్చే వెలుగులు కలిసి ఆ నీడను ఏర్పరుస్తాయి. అది ఫలానా స్తంభం నీడ అని వేలు పెట్టి చూపలేం. వెలుగు, రేడియో తరంగం రెండూ విద్యుదయస్కాంత తరంగాలే. రాతి గదిలో వైఫై కూడా గోడలకు, బీరువాలకు తగిలి పలు దారుల్లో కంప్యూటర్‌ను చేరుతుంది. ఆ దారులు ఒకచోట బలపడతాయి, జానెడు పక్కన ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ల్యాప్‌టాప్‌ను బల్ల మీద కొద్దిగా జరిపితే పరిస్థితి మారిపోవడానికి కారణం ఇదే.

తీగ మీద ఇంటర్నెట్

ప్రజలకు ఇంటర్నెట్‌ను విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న అందుబాటులోకి తెచ్చింది. ఇళ్లలో అది టెలిఫోన్ తీగ మీదే నడిచేది. మోడెం కీచుమంటూ నంబర్ తిప్పేది. అన్నీ కుదిరినా వేగం సెకనుకు 56 కిలోబిట్లకు మించేది కాదు. వాన పడితే స్తంభం మీది అతుకుల్లోకి నీరు చేరి లైన్ గరగరలాడేది. రిసీవర్ ఎత్తి చెవికి పెట్టుకుంటే చాలు, దోషం తీగదా కాదా తెలిసిపోయేది.

రాగి తీగ వేయడం ఖర్చుతో కూడిన చోట డబ్ల్యూఎల్ఎల్ ఫోన్లు వచ్చాయి. ఎక్స్ఛేంజి నుంచి ఇంటికి ఆఖరి ముక్క మాత్రం గాలిలో సాగే ఏర్పాటు అది. మద్రాస్ ఐఐటీలో ప్రొఫెసర్ అశోక్ ఝున్‌ఝున్‌వాలా బృందం 1990లలో తీర్చిదిద్దిన కార్‌డెక్ట్ ఇలాంటిదే. మాటతో పాటు ఇంటర్నెట్‌నూ మోసే ఆ వ్యవస్థకు యాంటెన్నాకూ టవర్‌కూ నడుమ చూపు సూటిగా అందాలి. గుట్ట చాటు ఇల్లు ఇక్కడ మళ్లీ నష్టపోయింది.

2005 జనవరి ఈ చరిత్రలో మలుపు. ఆ నెల 14న బీఎస్‌ఎన్‌ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ ప్రారంభమైంది. అదే నెల 28న కేంద్ర ప్రభుత్వం 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని తక్కువ శక్తి పరికరాలకు లైసెన్స్ లేకుండా తెరిచింది. ఒకప్పుడు రేడియో సెట్టుకు కూడా పోస్టాఫీసులో లైసెన్స్ కట్టిన దేశంలో, ఇంట్లోనే ట్రాన్స్‌మిటర్ పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అవసరం లేకుండా పోయింది. వైఫై రూటర్ అంటే చిన్న ప్రసార కేంద్రమే.

టెలిఫోన్ తీగ మీదే బ్రాడ్‌బ్యాండ్ తెచ్చే ఏడీఎస్‌ఎల్ మోడెం ముందు పలక మీది దీపాలు ఇంటివాళ్లకే రోగ నిర్ధారణ నేర్పాయి. పవర్ దీపం ఆరితే అడాప్టర్ చూడాలి. డీఎస్‌ఎల్ దీపం మిణుకుమంటుంటే ఎక్స్ఛేంజి నుంచి వచ్చే రాగి తీగలో, గోడ మీది రోజెట్‌లో, లేదా ఫోన్‌ను విడదీసే స్ప్లిటర్‌లో తేడా ఉంది. ఎక్స్ఛేంజికి నాలుగైదు కిలోమీటర్లు దాటిన ఇళ్లకు ఈ దీపం నిలకడగా వెలగడమే కష్టం. డీఎస్‌ఎల్ స్థిరంగా ఉండి ఇంటర్నెట్ దీపం వెలగకపోతే సాధారణంగా లాగిన్ పేరో పాస్‌వర్డో కారణం. మూడూ వెలుగుతూ కంప్యూటర్‌కు మాత్రమే అందకపోతే, అప్పుడు అనుమానించాల్సింది వైఫైని.

గోడలు, పక్కింటి పెట్టె

వైఫై ప్రమాణం 802.11 మొదట 1997లో వచ్చింది. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో సెకనుకు 11 మెగాబిట్ల రకం 1999లో, 54 మెగాబిట్లది 2003లో వచ్చాయి. ఆ సంఖ్యలు అడ్డు లేని గదికి సంబంధించినవి. నల్లగొండ, పాలమూరు పాత ఇళ్లది మూరెడు మందం రాతి గోడ. కొత్త ఇళ్లది ఇనుప చువ్వల స్లాబు. రెండూ 2.4 గిగాహెర్ట్జ్ తరంగాన్ని బాగా తగ్గిస్తాయి. నీళ్లూ అంతే, నిండు నీళ్ల ట్యాంకు వెనక నీడ పడుతుంది. ఇనుప బీరువా, నిలువుటద్దం వెనకాల పూసిన లోహపు పూత తరంగాన్ని తిప్పికొడతాయి. ఫోన్ తీగ ముందు గదిలో ఉంటుంది కాబట్టి మోడెంను అక్కడే, చాలాసార్లు టీవీ స్టాండు లోపల పెట్టేవారు. చదువుకునే గది వెనకాల ఉండేది. రూటర్‌ను ఇంటి మధ్యకు, మనిషి ఎత్తుకు జరపడం ఖర్చు లేని వైద్యం. చాలా ఇళ్లలో సగం ఫిర్యాదు దానితోనే తీరుతుంది.

సిగ్నల్ బలాన్ని డీబీఎంలలో కొలుస్తారు. సున్నాకు ఎంత దూరంగా, ఎంత లోతు రుణసంఖ్యగా ఉంటే అంత బలహీనం. మైనస్ 50 దగ్గర ఉంటే బలంగా ఉన్నట్టు. మైనస్ 70 వరకు పని సాగుతుంది. మైనస్ 80 దాటితే తెగడం, కలవడం మొదలవుతుంది. ప్రతి పది అంకెల తగ్గుదలకు శక్తి పదో వంతవుతుంది. అంటే మైనస్ 50 నుంచి మైనస్ 80కి పడిపోయిన చోట వెయ్యో వంతే మిగిలినట్టు.

బలం బాగున్నా వేగం లేకపోతే కారణం వేరే. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఇక్కడ 13 చానెళ్లు ఉన్నా వాటి నడుమ ఎడం 5 మెగాహెర్ట్జ్, ఒక్కో ప్రసారం ఆక్రమించేది 20 మెగాహెర్ట్జ్‌కు పైనే. ఒకదానిపై ఒకటి పడకుండా ఒకేసారి వాడగలిగినవి మూడే, సాధారణంగా 1, 6, 11. ఊళ్లో ఒక్కరికే వైఫై ఉన్నప్పుడు ఇది సమస్య కాలేదు. వాడంతా రూటర్లు వచ్చాక సాయంత్రం పూట అందరూ ఒకే చానెల్ మీద వంతు కోసం ఎదురుచూడాల్సి వచ్చింది. దీనికి తోడు మైక్రోవేవ్ ఓవెన్ కూడా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది. అది నడిచే రెండు నిమిషాలు వైఫై తడబడి తర్వాత కోలుకుంటే దోషి దొరికినట్టే. మోటారు స్టార్టరు రొదను కనిపెట్టిన తర్కమే ఇది: లోపం వచ్చే వేళను ఇంట్లో జరిగే పనితో జత చేసి చూడడం.

2009లో ఖరారైన 802.11ఎన్ ప్రమాణం రెండు మేళ్లు చేసింది. ఒకటి, పలు యాంటెన్నాలతో పలు దారుల తరంగాలను లాభంగా మార్చుకుంది. టీవీ తెర మీద నీడబొమ్మగా విసిగించిన ప్రతిఫలనమే ఇక్కడ వేగానికి ఆసరా అయింది. రెండు, 5 గిగాహెర్ట్జ్ పట్టీలోనూ పనిచేసింది. అక్కడ చానెళ్లు ఎక్కువ, రద్దీ తక్కువ, కానీ గోడ దాటే సత్తా ఇంకా తక్కువ. ఒకే గదిలో ఉన్న కంప్యూటర్‌కు 5, రెండు గోడల అవతల ఉన్నదానికి 2.4 అన్నది రాతి ఇళ్లకు సరిపోయే పంపకం.

కంప్యూటర్ వైపు లోపాలు

తొలి రోజుల్లో ఇంటి కంప్యూటర్లకు వైఫై లోపల ఉండేది కాదు. యూఎస్‌బీ అడాప్టర్ కొని, సీడీ నుంచి డ్రైవర్ ఎక్కించాలి. నేల మీద, గోడకు ఆనించిన ఇనుప క్యాబినెట్ వెనకాల అడాప్టర్ గుచ్చితే దాని ముందున్న ఇనుమే అడ్డు. మూరెడు ఎక్స్‌టెన్షన్ తీగతో దాన్ని బల్ల మీదికి తేవడం పాత ఏరియల్ పాఠానికి కొత్త రూపం. యూఎస్‌బీ 3 పోర్టులు, తీగలు 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూ రొద పుట్టిస్తాయని ఇంటెల్ 2012లో వివరించింది. హార్డ్ డిస్క్ తగిలించగానే వైఫై మందగించడానికి కారణం అదే, అడాప్టర్‌ను దానికి దూరం జరిపితే చాలు.

విద్యుత్ ఆదా కోసం విండోస్ అడాప్టర్‌ను నిద్రపుచ్చడం, సిస్టం అప్‌డేట్ తర్వాత డ్రైవర్ పొసగకపోవడం కనెక్షన్ అప్పుడప్పుడు తెగడానికి మామూలు కారణాలు. ఐపీ చిరునామా 169.254తో మొదలైతే రూటర్ నుంచి చిరునామా అందలేదని అర్థం. పింగ్ అనే చిన్న ప్రోగ్రామ్‌ను అమెరికాలో మైక్ మూస్ 1983లో రాశాడు. దానితో మొదట రూటర్‌ను, తర్వాత బయటి సర్వర్‌ను పలకరించాలి. రూటర్ నుంచే జవాబు ఆలస్యంగా వచ్చినా, తప్పిపోయినా లోపం ఇంటి గాలిలో ఉంది. రూటర్ చకచకా పలికి, బయటిది పలకకపోతే లోపం ఇంటి బయటి లైన్‌లో ఉంది.

కరెంటు వేరే అధ్యాయం. వోల్టేజీ ఎగుడుదిగుళ్లకు అరిగిన అడాప్టర్ దీపాలు వెలిగించేంత శక్తి ఇస్తుంది, ప్రసారం చేసేంత ఇవ్వదు. రూటర్ తనంతట తాను ఆగి మళ్లీ మొదలవుతుంటే ముందుగా మార్చి చూడాల్సింది అడాప్టర్‌నే. ఎండాకాలం మూసిన అరలో పెట్టిన రూటర్ వేడెక్కి ఆగిపోవడమూ ఈ ప్రాంతంలో మామూలే.

మహమ్మారి, ఫైబర్

2016 సెప్టెంబర్‌లో జియో 4జీతో మొబైల్ డేటా చవకై, చాలా ఇళ్లలో ఫోన్ హాట్‌స్పాటే కంప్యూటర్‌కు వైఫై అయింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చాక ఆ ఏర్పాటుకు అసలు పరీక్ష ఎదురైంది. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ల్యాప్‌టాప్‌లతో సొంతూళ్లకు చేరారు. సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణ బడి పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు మొదలయ్యాయి. పేజీ నెమ్మదిగా తెరుచుకుంటే ఓర్చుకోవచ్చు. మాటలు మధ్యలో తెగే వీడియో మీటింగ్‌లో ఉద్యోగం నిలవదు. సగటు వేగం కంటే నిలకడ ముఖ్యమని ఇళ్లు గుర్తించింది అప్పుడే.

మిషన్ భగీరథ తాగునీటి పైపుల వెంట ఫైబర్ గొట్టాలు కూడా వేసి, ఊరూరికీ లైన్ చేర్చే టీ-ఫైబర్ పథకాన్ని రాష్ట్రం చేపట్టింది. 2024 డిసెంబర్‌లో ఇళ్లకు కనెక్షన్లు మొదలయ్యాయి. ప్రైవేటు ఫైబర్ పట్టణాల్లో అప్పటికే పాకింది. ఫైబర్ వానకు గరగరలాడదు, మోటారు రొద దానికి అంటదు. దాని కష్టాలు వేరు: స్తంభాల మీది తీగలను కోతులు ఊగి తెంపడం, రోడ్డు పనుల్లో జేసీబీ తవ్వకం, ఇంటి మూలలో తీగ మరీ మడతపడి వెలుగు కారిపోవడం. పెట్టె మీద, సిగ్నల్ అందడం లేదని చెప్పే ఎల్‌వోఎస్ ఎర్రలైటు వెలిగితే ఇంట్లో చేయగలిగింది తీగ మడత సరిచూడడం వరకే, మిగతాది లైన్‌మన్ పని.

ఇలా తొంభై ఏళ్లలో కుదురుకున్న వరుస ఇది. అన్ని పరికరాలకూ అందడం లేదా, ఒక్క కంప్యూటర్‌కేనా అన్నది మొదట తేల్చాలి. అన్నిటికీ అయితే పెట్టె మీది దీపాలు, అడాప్టర్, బయటి లైన్ చూసి, లోపం లైన్‌దే అయితే ఫిర్యాదు నమోదు చేయాలి. ఒక్కదానికే అయితే దాన్ని రూటర్ దగ్గరికి తెచ్చి చూడాలి. దగ్గర బాగుంటే దోషం గోడలదీ దూరానిదీ. దగ్గర కూడా తెగుతుంటే ల్యాన్ తీగ కలిపి చూడాలి. తీగ మీద నిలకడగా నడిస్తే చానెల్, పట్టీ, డ్రైవర్, చుట్టుపక్కల రొద ఒక్కొక్కటిగా మార్చాలి. తీగ మీదా తెగితే వైఫైని అనుమానించడం మాని ఆ కంప్యూటర్‌నే చూడాలి. ఒక్కో మార్పు తర్వాత కొన్ని గంటలు ఆగి, ఏం మారిందో, ఎప్పుడు తెగిందో కాగితం మీద రాసుకుంటే లైన్‌మన్‌కు ఇచ్చే ఫిర్యాదులో ‘నెట్ రావడం లేదు’ అన్న మాట బదులు లోపం ఉన్న చోటు ఉంటుంది. మరమ్మతు ఎంత త్వరగా జరుగుతుందో చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంటుంది.